సబ్మిషన్ ఎప్పుడు మేడమ్?

కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండేళ్ళ క్రితం, డిసెంబర్ చివర్లో ఒక శనివారం, అక్కడో కొట్లో చీటీ ఇచ్చి నిలబడ్డాను. నానో బోర్డు (ప్రోగ్రాం రాసి లైట్లూ మోటార్లూ ఆడించే బుల్లి కంప్యూటర్ లాంటిది) ఒకటి, ఐదు వోల్టుల రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు రెండు మీటర్లు, వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి, చిన్న పుష్ బటన్లు ఓ పది. కౌంటర్ అవతల కుర్రాడు సొరుగుల్లోంచి ఒక్కొక్కటే తీసి పెడుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"సబ్మిషన్ ఎప్పుడు మేడమ్?"

నాకు నలభై దాటాయి. పిల్లల కాలేజీ ప్రాజెక్టు కోసం కొంటున్నానని అనుకుని ఉంటాడు.

"భోగికి" అన్నాను.

అప్పుడు తలెత్తి చూశాడు.

అతని తప్పేం లేదు. ఆ గల్లీకి వచ్చేవాళ్ళలో చాలామంది చేతుల్లో ఒకేలాంటి చీటీలుంటాయి. ఎదురుగా ఉన్నదాని దూరం చెప్పే అల్ట్రాసోనిక్ సెన్సరు, బజరు రాసి, పీవీసీ పైపు ఎక్కడ దొరుకుతుందని అడిగితే అది అంధుల చేతికర్ర. అదే సెన్సరుకి బజరు బదులు, చెప్పినంత కోణం తిరిగే సర్వో మోటారు తోడైతే స్మార్ట్ డస్ట్‌బిన్. మట్టిలో తేమ చూసే సెన్సరు, చిన్న పంపు, దాన్ని ఆన్ ఆఫ్ చేసే రిలే ఉంటే రైతుల కోసం ఆటోమేటిక్ ఇరిగేషన్. మందుల షాపువాడు చీటీ చూసి రోగం చెప్పినట్టు, వీళ్ళు చీటీ చూసి టైటిల్ చెప్పేయగలరు.

ఆ టైటిళ్ళ వరస ఒకసారి చూడండి. అన్నీ ఎవరో ఒకరికి మేలు చేసేవే. అంధులు, రైతులు, మున్సిపాలిటీ కార్మికులు. చేసే పిల్లల్లో ఎంతమంది వాళ్ళలో ఒకరిని కలిసి ఉంటారు? కర్ర తయారవుతుంది, వైవా (నోటి పరీక్ష) అయిపోతుంది, కర్ర హాస్టల్ గదిలో మంచం కింద చేరుతుంది. చూపు లేనివాళ్ళ చెయ్యి ఒక్కసారి కూడా దాని మీద పడదు.

మన దగ్గర ఈ బోర్డులతో ఏదన్నా చేద్దామని కూర్చున్నవాడికి మొదట ఎదురయ్యే ప్రశ్న "దీనివల్ల ఉపయోగం ఏంటి?" అని. ఇంట్లో అడుగుతారు, కాలేజీలో అడుగుతారు, సైన్స్ ఫెయిర్ ఫారంలో అడుగుతారు. జవాబు చెప్పలేక మనం ఒక దొంగ ఉపయోగాన్ని తగిలిస్తాం. ఆ దొంగ ఉపయోగం కన్నా, ఏ ఉపయోగమూ లేని నిఖార్సైన అలంకారం వెయ్యి రెట్లు నయమని నా వాదన. నేర్చుకోవడం దగ్గర నయం, నిజాయితీ దగ్గర నయం. ఆఖరికి ఉపయోగం దగ్గర కూడా అదే నయమని నా అనుమానం.

నేనేం పులు కడిగిన ముత్యాన్ని కాదు. 2005లో మా గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు) పూర్తి చేశాను. నలుగురం ఒక బ్యాచ్. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నాం. తలా రెండున్నర వేలు వేసుకుంటే ఒక డబ్బా, ఒక సీడీ, బైండింగ్ చేసిన రిపోర్టు ఇచ్చారు. డబ్బాలో 8051 ఉంది. ఇంటెల్ వాళ్ళు 1980లో తెచ్చిన చిప్పు, అంటే అప్పటికే దానికి పాతికేళ్ళు. టైటిల్ చెప్పక్కర్లేదు, రైతుల కోసం ఆటోమేటిక్ ఇరిగేషనే. ఆకుపచ్చ రంగేసిన థర్మోకోల్ పొలం, అందులో బొమ్మ పంపు. బయటి కాలేజీ నుంచి పరీక్షించడానికి ఎక్స్‌టర్నల్ వచ్చి రెండు ప్రశ్నలడిగారు. ఒకటి, "ఇందులో ర్యామ్ ఎంత?" "128 బైట్లు సార్" అన్నాను. పంపు నాలుగు నిమిషాలు తిరిగింది. అందరికీ మంచి మార్కులొచ్చాయి.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి కొనడం ఒక్కటే కాదు. నరసరావుపేట దగ్గర మా తాతయ్యకి మూడెకరాల మిరప చేను ఉండేది. రైతు కోసం చేసిన ప్రాజెక్టు గురించి నేను ఒక్క రైతునీ, ఇంట్లో ఉన్న రైతుని కూడా, ఒక్క మాట అడగలేదు. తర్వాతెప్పుడో గొప్పగా చెబితే ఆయన అంతా విని, "మరి కరెంటు ఎప్పుడొస్తదో దానికి తెలుసా?" అన్నాడు. తేమ తెలియక కాదు ఆయన రాత్రుళ్ళు చేలో పడుకుంది. మట్టి పిడికిట్లో పట్టుకుంటే తేమ ఆయనకి తెలుస్తుంది. తెలియంది కరెంటు సంగతే.

ఆ సమస్యకి రైతులు తమకు తామే జవాబు వెతుక్కున్నారు. కరెంటు రాగానే దానంతటదే మోటారు ఆన్ చేసే ఆటో స్టార్టర్ డబ్బా పెట్టుకున్నారు. ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ లేకపోయినా ఊరూరా పాకింది. దాని కథ అక్కడితో అయిపోలేదు కూడా. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆ ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతుల్ని అడగాల్సి వచ్చింది. ఎప్పుడో అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం పెట్టిన డబ్బా, కరెంటు పోకుండా ఉంటే మోటారునీ ఆగకుండా తిప్పుతుంది. బోర్లలో నీళ్ళు తగ్గుతాయి. నిజమైన ఉపయోగం ఇంత తలనొప్పి వ్యవహారం. అబ్‌స్ట్రాక్ట్‌లో నాలుగు వాక్యాలకి లొంగేది కాదు.

సరిగ్గా నేను ఆ థర్మోకోల్ పొలంతో పాసైన 2005లోనే ఇటలీలో తూరిన్ దగ్గర ఇవ్రియా అనే చిన్న ఊళ్ళో ఆర్డుయినో బోర్డు పుట్టింది. నా చీటీలోని నానో దాని సంతానమే. ఒలివెట్టి టైపురైటర్ల ఊరది. అక్కడి డిజైన్ స్కూల్లో పాఠాలు చెప్పే మాస్సిమో బాంజికీ ఆయన స్నేహితులకీ కావలసింది ఇంజినీర్ల కోసం బోర్డు కాదు. వాళ్ళ విద్యార్థులు డిజైనర్లు, కళాకారులు. ఓమ్స్ లా బట్టీ పట్టకుండానే లైటు వెలిగించాలి, మోటారు తిప్పాలి. అంతకుముందు 2003లో అదే స్కూల్లో ఎర్నాండో బరగాన్ అనే కొలంబియా విద్యార్థి తన థీసిస్‌గా వైరింగ్ అనే బోర్డు, దానికి సాఫ్ట్‌వేరు చేశాడు. దానికి ముందు 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై అమెరికాలో చిత్రకారులు కూడా ప్రోగ్రాం రాసుకోవడానికి ప్రాసెసింగ్ అనే భాష మొదలుపెట్టారు. ఆర్డుయినో ఈ రెండిటి భుజాల మీద నిలబడింది. పేరు ఆ ఊళ్ళో వాళ్ళు కూర్చునే బారుది. బారుకి ఆ పేరు వెయ్యేళ్ళ కిందటి ఒక రాజు వల్ల వచ్చింది.

ఆర్డుయినోలో మనం రాసే ప్రోగ్రాముని ప్రోగ్రాం అనరు, స్కెచ్ అంటారు. అది డ్రాయింగు మాస్టారి మాట. ఇన్నేళ్ళుగా మన పిల్లలు ఆర్డుయినో సాఫ్ట్‌వేరు మెనూలో రోజూ ఆ మాట చూస్తూనే ఉన్నారు. బొమ్మలు గీసుకునేవాళ్ళ కోసం పుట్టిన పలక మన దగ్గరికి వచ్చేసరికి ఎంబెడెడ్ సిస్టమ్స్ సబ్జెక్టు అయింది, యూనిట్లయింది, వైవా అయింది. రంగు లైట్లు వెలిగిస్తే "ఇంతేనా" అంటారు.

రంగు లైట్ల విషయంలో మాత్రం మావాళ్ళ దగ్గర "ఇంతేనా" అంటే కుదరదు. మాది కోటప్పకొండ దగ్గర. మహాశివరాత్రికి త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి విద్యుత్ ప్రభలు వస్తాయి. వెదురు బొంగులతో ఆకాశంలోకి కట్టిన నిలువెత్తు చట్రం, ముందంతా లైట్లు. ఊరి పరువంతా దాని ఎత్తు మీదా, లైటింగ్ మీదా ఉంటుంది. చీకటి పడ్డాక కొండ కింద నిలబడి చూస్తే వెలుగు కెరటాల్లా కింద నుంచి పైకి పాకుతూ ఉంటుంది. ఈ ప్రభ ఎవరికి ఉపయోగమని అక్కడ ఒక్కరూ అడగరు. అడిగినవాడిని ఎగాదిగా చూస్తారు.

మా వీధిలో లైటింగ్ పనిచేసే బాబాయ్ ఒకాయన ఉండేవాడు. బంధుత్వమేం లేదు, వీధంతటికీ బాబాయే. చిన్నప్పుడు ఆయన వెనకాల తిరిగి చూసిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కళ్ళ ముందుంది. లైటింగ్ బోర్డు వెనక ఒక చెక్క డ్రమ్ము. దాని మీద రాగి రేకు ముక్కలు మేకులతో కొట్టి ఉంటాయి. చిన్న మోటారు దాన్ని మెల్లగా తిప్పుతుంటుంది. పైన వరసగా ఇత్తడి స్ప్రింగులు ఆనుకుని ఉంటాయి, ఒక్కో స్ప్రింగు నుంచి ఒక్కో లైట్ల వరసకి వైరు. రేకు స్ప్రింగుకి తగిలితే వరస వెలుగుతుంది, రేకు దాటిపోతే ఆరుతుంది. తగిలిన ప్రతిసారీ చిటుక్కున నీలం మెరుపు, కాలిన వాసన. డిజైన్ మార్చాలంటే రేకులు పీకి మళ్ళీ కత్తిరించి కొట్టాలి. ప్రోగ్రాం అంటే ఏంటో నాకు మొదట అర్థమైంది అక్కడే. కాకపోతే దాన్ని ప్రోగ్రాం అంటారని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అమ్మ సంక్రాంతికి మూడు రోజులు బొమ్మల కొలువు పెడుతుంది. భోగి, సంక్రాంతి, కనుమ. ఏడు మెట్లు. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్క పిడతలు, ఒక కాలు విరిగిన పోస్టుమాను, తల ఊపే తంజావూరు బొమ్మ. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి, అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు, "అమ్మమ్మా, మన ఊరి ప్రభ ఏది?" అంది. నిజమే, లేదు. నా గుజరాతీ గల్లీ యాత్రకి కారణం ఆ ప్రశ్న.

వెదురు పుల్లలతో రెండడుగుల ప్రభ కట్టాం. దాని ముఖం మీద నిలువుగా ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు, మొత్తం 96 ఎల్‌ఈడీలు. ఇవి మామూలు ఎల్‌ఈడీలు కావు, ఒక్కోదాని కడుపులో ఒక బుల్లి చిప్పు ఉంటుంది. బోర్డు నుంచి ఒక్క వైరు చాలు. పెళ్ళి బంతిలో లడ్డూల పళ్ళెం ఇచ్చినట్టు, మొదటివాడు తన లడ్డు తీసుకుని మిగతా పళ్ళెం పక్కవాడికి తోస్తాడు, వాడు తనది తీసుకుని ఆ పక్కకి. లడ్డు అంటే ఇక్కడ 24 బిట్లు. ఎరుపుకి ఎనిమిది, ఆకుపచ్చకి ఎనిమిది, నీలానికి ఎనిమిది. అంటే ఒక్కో దీపానికి మూడు బైట్లు, 96 దీపాలకి 288. నానో మీదుండే చిప్పులో ర్యామ్ రెండు కిలోబైట్లు కాబట్టి హాయిగా సరిపోయింది. నా పాత 8051లో అయితే 128 దగ్గరే బండి ఆగిపోయేది. ఎక్స్‌టర్నల్ అడిగిన ఆ ప్రశ్నకి అర్థం పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ రాత్రి తెలిసింది.

మొదటిసారి అన్నీ తెల్లగా వెలిగించగానే కంప్యూటర్ నా మీద అలిగింది. యూఎస్‌బీ పోర్టు ఆగిపోయింది. లెక్క కాగితం మీద ముందే వేసుకోవాల్సింది. ఒక్కో దీపం నిండు తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపులు తింటుంది. 96తో గుణిస్తే ఐదున్నర ఆంపులు పైనే. యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది అర ఆంపు. కాంతిని నాలుగో వంతుకి దించి, స్ట్రిప్పుకి విడిగా ఫోను ఛార్జరు పెట్టాను. నాలుగో వంతంటే తక్కువ అనిపిస్తుంది గానీ, కొలువు గదిలో ట్యూబులైటు ఆపేస్తే అదే కళ్ళు చెదిరేంత.

తర్వాత ఇంకో చిక్కు. మొదటి వరస తెల్లగా ఉంది, చివరి వరసకి వచ్చేసరికి తెలుపు గులాబీ రంగులోకి తిరిగింది. కోడులో తప్పుందనుకుని రాత్రి పన్నెండింటి దాకా కోడు తిరగేశాను. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేవాళ్ళకి ఉండే జబ్బు ఇది, ఏం జరిగినా కోడులోనే వెతుకుతాం. పొద్దున లైటింగ్ బాబాయ్ వచ్చాడు. ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి, పని మానేసి చాలా కాలమైంది. బోర్డుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డ్రమ్ము ఏది?"

"ఇదే బాబాయ్."

"ఇదే?" కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ప్రభ వైపు చూసి, "చివర డల్లు కొడుతుందే. లైను ఒక్క వైపు నుంచే ఇచ్చావా? అటు కొస నుంచి కూడా ఇయ్యి" అన్నాడు.

అంతే. రెండు వైర్లు అటు చివర కూడా అతికించగానే తెలుపు తెల్లగా వచ్చింది. స్ట్రిప్పులోని పలచటి రాగి గీతల్లో కరెంటు పోతూ పోతూ వోల్టేజి పడిపోతుంది. నీలానికీ ఆకుపచ్చకీ వోల్టేజి ఎక్కువ కావాలి, ఎరుపుకి తక్కువ చాలు. అందుకని చివర్లో ఎరుపు మిగిలి, తెలుపు గులాబీగా కనిపిస్తుంది. ఈ కారణం నేను చెప్పగలను, ఆయన చెప్పలేడు. కానీ ఎత్తు ప్రభలకి లైను లాగి లాగి ఆయనకి జబ్బు చూడగానే తెలిసిపోయింది. అన్నీ ఆయన చెప్పినట్టే అవుతాయని కాదు. ఆ ఊపులో "డేటా వైరు కూడా రెండు పక్కలా ఇయ్యి" అన్నాడు. అది మాత్రం కుదరదు, లడ్డూల పళ్ళెం ఒక వైపుకే నడుస్తుంది. ఆ మాట చెబితే నవ్వి, "అట్టాగా. మా రోజుల్లో కరెంటుకి ఇంత మర్యాద లేదులే" అన్నాడు.

ఇక అసలు పరీక్ష. భోగి సాయంత్రం పేరంటానికి వచ్చిన పిల్లలు పదిహేను మంది. ప్రభ కింద ఒక బటన్ పెట్టాను, నొక్కితే డిజైన్ మారుతుంది. నిలువు కెరటం, అడ్డ కెరటం, విభూతి రేఖలు, చివర్లో అన్నీ కలిపి ఒక గోల. ఇంట్లో నేను పరీక్షించినప్పుడు బ్రహ్మాండంగా ఉంది. ఎందుకంటే నేను మర్యాదగా ఒకసారి నొక్కి ఆగేదాన్ని. పిల్లలు అలా నొక్కరు. టకటకా నొక్కుతారు. నేను కెరటం కోసం కోడులో డిలే పెట్టాను. డిలేలో ఉన్నంతసేపు బోర్డు నిద్రపోతుంది, బటన్ నొక్కినా దానికి తెలియదు. "ఆంటీ, ఇది పన్జెయ్యట్లా" అని ఒకడు తీర్పు చెప్పేశాడు. ఆ రాత్రి డిలేలన్నీ తీసేసి, గడియారం చూసుకుంటూ పనిచేసేలా మొత్తం తిరగరాశాను. దాంతో ఇంకోటి బయటపడింది. బటన్ లోపలి రేకు ఒక్క నొక్కుకి నాలుగైదుసార్లు అదురుతుంది, బోర్డు ప్రతి అదురునీ ఒక నొక్కుగా లెక్కేస్తుంది. ఒకసారి నొక్కితే మూడు డిజైన్లు దాటిపోతున్నాయి. నొక్కాక 30 మిల్లీసెకన్లు ఏం విన్నా పట్టించుకోకు అని చెబితే సర్దుకుంది. సంక్రాంతి మధ్యాహ్నానికి బటనే విరిగింది. వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో కాలింగ్ బెల్ స్విచ్ తెచ్చి పెట్టాను. దాన్ని పిల్లలు ఇప్పటికీ విరగ్గొట్టలేకపోయారు.

భోగిపళ్ళ సంగతి చెప్పకపోతే ఈ కథకి అర్థమే లేదు. మా అన్నయ్య మనవడికి కొలువు ముందే కూర్చోబెట్టి భోగిపళ్ళు పోశారు. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, చిల్లర డబ్బులు. అందులో ఒక రూపాయి బిళ్ళ ఎగిరి వచ్చి సరిగ్గా స్ట్రిప్పు కొసన పైకి తేలి ఉన్న రాగి బిందువుల మీద పడింది. ప్లస్సూ మైనస్సూ కలిసిపోయాయి. ప్రభ మొత్తం ఆరిపోయింది. ఛార్జరు తెలివైంది కాబట్టి తనంతట తనే ఆగింది, లేకపోతే పండగ పూట పొగ వచ్చేది. అమ్మ బిళ్ళ తీసి కళ్ళకద్దుకుని, "అన్నీ బయట పెట్టుకుని కూర్చుంటే ఏంటే, డబ్బా లేదూ?" అంది. మరుసటి పొద్దునే బోర్డు, వైర్లు ఖాళీ స్వీటు డబ్బాలోకి, స్ట్రిప్పు కొసలు టేపు కిందకి వెళ్ళాయి.

స్మార్ట్ డస్ట్‌బిన్ మీద చిల్లర డబ్బులు కురిపించి చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఉండరు. ఎందుకంటే దాని ముందు నిలబడేది ఒక్క ఎక్స్‌టర్నల్, అదీ నాలుగు నిమిషాలు. ఆయన వెళ్ళిపోతే అది పనిచేసినా చెయ్యకపోయినా అడిగే దిక్కు లేదు. నా పనికిరాని ప్రభ ముందు మూడు రోజులు పదిహేను మంది పిల్లలు, వాళ్ళ అమ్మలు, డెబ్బై దాటిన లైటింగ్ మాస్టరు, మా అమ్మ. రెండిట్లో ఏది ఇంజినీరింగు? నన్నడిగితే ఒక ప్రాజెక్టు ఉపయోగమా కాదా అన్నదానికన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. అది పాడైతే మీ తలుపు తట్టి తిట్టేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఉంటే మీరు నేర్చుకుంటారు.

కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండితే మోగే అలారం ఎంతోమంది ఇళ్ళల్లో చేసుకుంటున్నారు, అది ఉపయోగం కాదా అంటారు. ముమ్మాటికీ ఉపయోగమే. కానీ ఆ అలారం చేసినవాడు ఆ ట్యాంకు కిందే స్నానం చేస్తాడు. మోగకపోతే నీళ్ళు కారేది వాడి మెట్ల మీదే, అరిచేది వాడి ఇంట్లోవాళ్ళే. అది నా ప్రభకి తోబుట్టువే, అంధుల కర్రకి కాదు.

రెండో మాట కాస్త బరువైంది. ఉద్యోగం కావాల్సిన పిల్లాడికి రెజ్యూమెలో "బొమ్మల కొలువుకి లైట్లు" అని రాసుకోమంటావా అని మా ఆఫీసులో ఒకాయన అడిగారు. నేను ఇంటర్వ్యూలు చేస్తాను. స్మార్ట్ ఇరిగేషన్ అని రాసినవాళ్ళని "సెన్సరు ఎన్నాళ్ళు పనిచేసింది?" అని అడిగితే నీళ్ళు నములుతారు. ఆ చవక సెన్సరు రెండు కాళ్ళ మధ్య కరెంటు పారుతుంటే తడి మట్టిలో దాని పూత కరిగిపోయి తుప్పు పడుతుంది. కొన్ని వారాలు మట్టిలో ఉంచి చూసినవాడికి అది తెలుస్తుంది. తెలిసినవాడు ఒక్కడు దొరికినా వాడిని వదలను. ఉంచి చూడనివాడి కన్నా, కొలువు మీద రూపాయి బిళ్ళ కథ చెప్పే పిల్లనే తీసుకుంటాను. అందరూ నాలాగే తీసుకుంటారని హామీ ఇవ్వలేను. అది నిజమే, అక్కడ నా వాదన కుంటుతుంది.

బజారులో నూటయాభైకి ఎనిమిది రకాలుగా మినుకుమనే సీరియల్ సెట్లు దొరుకుతుంటే ఇదంతా ఎందుకని మా అమ్మే అడిగింది. ఆ ఎనిమిదింటిలో కింద నుంచి పైకి పాకే కోటప్పకొండ కెరటం లేదు. అందుకు. ఈ మధ్య కోడు చాట్‌బాట్ రాసిస్తోంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. రాసిస్తుంది, నాకూ రాసిచ్చింది, బాగానే రాసింది. రూపాయి బిళ్ళ సంగతి మాత్రం దానికి తట్టలేదు.

పోయినేడు మా అమ్మాయి ప్రభని స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి పట్టుకెళ్తానంది. ఇప్పుడు స్కూళ్ళలో ఈ గాలి వీస్తోంది, మంచిదే. నీతి ఆయోగ్ 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది. ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు, ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు వచ్చి బోర్డులు, మోటార్లు ముట్టుకోవచ్చు. టింకరింగ్ అంటే మన మాటల్లో కెలకడం. ఇంట్లో చేస్తే తిట్లు పడే పనికి ప్రభుత్వమే డబ్బులిస్తానందంటే అంతకన్నా ఏం కావాలి. మా అమ్మాయి స్కూల్లో అలాంటి ల్యాబు లేదు, ఫెయిర్ మాత్రం ఉంది. ఫారంలో ఒక గడి: "ఈ ప్రాజెక్టు ఏ సామాజిక సమస్యకు పరిష్కారం?" పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "మా అమ్మమ్మ కొలువులో ప్రభ లేదు."

ఫారం తిప్పి పంపారు. సమస్య స్పష్టంగా రాయమన్నారు.

ఇంత వాదన చేస్తున్న నేను అప్పుడేం చేశానో కూడా చెప్పాలిగా. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది, ఫారం ఇవ్వడానికి ఒక్కరోజే ఉంది. ఆ గడిలో "తిరునాళ్ళలో విద్యుత్ పొదుపు" అని నేనే రాసిచ్చాను. వెంటనే ఒప్పుకున్నారు. రెండో బహుమతి కూడా వచ్చింది. సర్టిఫికెట్ మీద టైటిల్ "విద్యుత్ పొదుపు ప్రభ" అని ఉంది. పిల్ల దాన్ని గోడకి పెట్టుకోనంది. ఎందుకే అంటే, "మనం పొదుపు చెయ్యలేదు కదమ్మా" అంది. అది ఇంకా నా సొరుగులోనే ఉంది.

ఈ ఏడు గంగిరెద్దు చేస్తున్నాం. అట్టతో ఎద్దు, మీద అమ్మ చీర అంచులతో కుట్టిన బొంత, మెడలో తొమ్మిది గ్రాముల సర్వో మోటారు. "అయ్యగారికి దణ్ణం పెట్టు" అనగానే తల ఊపాలి. మొదట వణికింది. ప్రభకీ దీనికీ ఒకే ఛార్జరు పెట్టడం వల్ల, దీపాలు పెరిగినప్పుడల్లా వోల్టేజి పడి మెడ అదురుతోంది. విడి ఛార్జరు పెట్టి మైనస్ వైర్లు మాత్రం కలిపితే వణుకు పోయింది. అప్పుడు అమ్మ చూసి, "గంగిరెద్దు కాదే ఇది, పోలీసోడు సెల్యూట్ కొడుతున్నట్టుంది" అంది. టక్కున కిందకి, టక్కున పైకి. నిజంగానే సెల్యూట్.

"ఆ తంజావూరు బొమ్మని చూడు. దానికి ఏ కరెంటూ లేదు, ఎంత చక్కగా ఊపుద్దో" అని అదీ తెచ్చి ముందు పెట్టింది. నేనూ మా అమ్మాయీ ఫోనులో స్లో మోషన్ పెట్టి దాని తలని వీడియో తీశాం. ఒక్కసారి తట్టి వదిలితే పదకొండు ఊపులకి నిలబడింది. ప్రతి ఊపూ ముందుదానికన్నా కాస్త చిన్నది, సుమారు ఐదింట నాలుగు వంతులు. అటు చివరా ఇటు చివరా మెల్లగా, మధ్యలో వేగంగా. ఆ లెక్కే కోడులో రాశాను. ముప్ఫై డిగ్రీలతో మొదలు, తర్వాత ఇరవై నాలుగు, తర్వాత పంతొమ్మిది. ఎద్దు తల ఊపింది. మొదటిసారి అది ఎద్దులా ఊపింది. కానీ చివరి మూడు నాలుగు ఊపులు మరీ చిన్నవి, ఈ చవక సర్వోకి చేతకావట్లేదు. పళ్ళ చక్రాలు అక్కడే ఆడుతూ జుయ్ మని చప్పుడు చేస్తోంది.

"మెళ్ళో గంట కట్టండి, ఆ చప్పుడు వినపడదు" అంది అమ్మ.

కట్టాం. చప్పుడు వినపడట్లేదు. గంట బరువుకి తల ఎడమ పక్కకి వాలిపోతోంది. భోగికి ఇంకా పన్నెండు రోజులుంది.